కాలువలు కట్టేసే లోపు

వేసవి ముదురుతుండగా మా ఊళ్ళో ఒక తొందర మొదలయ్యేది. ధవళేశ్వరంలో నీళ్ళు ఆపేస్తున్నారనీ, కాలువలు కట్టేస్తున్నారనీ కబురు తెలియగానే పెద్దవాళ్ళంతా పంచాయతీ చెరువు తూము దగ్గరికి చేరేవారు. కాలువ లస్కరు సైకిలు మీద వచ్చి, ఇంకెన్నాళ్ళు నీళ్ళొస్తాయో చెప్పి వెళ్ళేవాడు. ఆ కాస్త వ్యవధిలోనే చెరువు నిండాలి. నిండితే, మళ్ళీ కాలువలకి నీళ్ళొదిలేదాకా తాగడానికి దిగుల్లేదు. వెలితి పడితే బిందెలు పట్టుకుని పొరుగూళ్ళకి నడవాల్సిందే. బావి తవ్వుకుందామంటే సముద్రం దగ్గర, ఊరంతా ఉప్పునీళ్ళే.

మాది కోనసీమలో కాట్రేనికోన దాటాక వచ్చే శివారు ఊరు. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852 నాటికి కట్టించిన ఆనకట్ట దగ్గర బయల్దేరిన నీళ్ళు లాకులు దాటి, పిల్లకాలువల్లోకి చీలి, బోదెల్లోకి పారి, దారిపొడుగునా అందరి పొలాలూ తడిపి మాదాకా వచ్చేసరికి సన్నటి ధార అయ్యేవి. సార్వా పంటకి ఫరవాలేదు. రెండో పంట దాళ్వాకి మాత్రం మా నాన్న రాత్రిళ్ళు లాంతరు పుచ్చుకుని గట్టు మీదే కాపలా ఉండేవాడు. "శివారువాడికి నీళ్ళు రావడం ఒక ఎత్తు, వచ్చినవి నిలబెట్టుకోవడం ఒక ఎత్తు" అనేది మా మామ్మ.

ఇప్పుడు నేను చిన్నపిల్లలకి ఇంగ్లిష్ చెప్పే టీచర్లకి శిక్షణ ఇచ్చే పనిలో ఉన్నాను. ఈ పని నీకెక్కడ పట్టుబడిందని ఎవరైనా అడిగితే నేను చదివిన కాలేజీ గుర్తుకు రాదు. ఆ చెరువూ, దాని గట్టు మీద ఉన్న బడీ, ఆ బడిలో మా అమ్మా గుర్తుకొస్తారు.

బడి రెండు గదులు, ముందు వసారా, పైన పెంకులు. వెనక కొబ్బరిచెట్లు. ఐదు తరగతులకీ కలిపి ఇద్దరే టీచర్లు: హెడ్మాస్టారు, అమ్మ. చిన్న తరగతులు అమ్మవి. బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో రాష్ట్రమంతా నడిచిన ప్రాథమిక విద్యా పథకం ఒకటి ఉండేది ఆ రోజుల్లో. టీచర్లంతా దాన్ని ఏపీపెప్ అనేవారు. చుట్టుపక్కల బళ్ళ టీచర్లు టీచర్స్ సెంటర్‌లో కలుసుకుని, పాఠాన్ని పిల్లలచేత చేయించే పనిగా ఎలా మార్చాలో మాట్లాడుకునేవారు. 'కృత్యం' అన్న మాట మా ఇంట్లో 'కూర' అన్నంత మామూలుగా వినిపించేది. అమ్మ చింతగింజలతో కూడికలు చేయించేది. ఆకులు ఏరుకురమ్మని, వాటి అంచులు చూసి గుంపులు చేయించేది. గదికి అడ్డంగా దారం కట్టి పిల్లలు గీసిన బొమ్మలన్నీ వేలాడదీసేది. గాలి వస్తే గదంతా రెపరెపలాడేది.

1995 జూన్‌లో హెడ్మాస్టారికి బదిలీ అయింది. ఆయన స్థానంలో ఎవరూ రాలేదు. పై తరగతులతోపాటు ఇంగ్లిష్ వాచకం కూడా అమ్మ చేతికొచ్చింది.

ఆ సాయంత్రం అమ్మ పాత క్యాలెండరు కాగితంతో ఆ పుస్తకానికి అట్ట వేసింది. వేసి, ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుంది. అమ్మ తెలుగు మీడియంలో పదో తరగతి, ఆ తర్వాత టీచర్ ట్రైనింగు పూర్తిచేసింది. ఇంగ్లిష్ పరీక్షలు ఏనాడూ తప్పలేదు. చదివితే తెలిసేది, చూసి రాయమంటే ముత్యాల్లా రాసేది. కానీ నోరు తెరిచి ఒక్క వాక్యం తనంతట తాను అన్నది లేదు. అనాల్సిన అవసరం ఆవిడకి ఎవరూ కల్పించలేదు.

అప్పుడు నేనూ ఆ బడిలోనే చదువుతున్నాను. తెలుగు పాఠానికి మా మధ్య తిరిగే అమ్మ, ఇంగ్లిష్ పీరియడు రాగానే బల్ల వెనక్కి వెళ్ళి నిలబడేది. "బి ఓ వై బాయ్, బాయ్ అంటే బాలుడు" అనేది. మేము అంతకు రెండింతలు గట్టిగా అరిచేవాళ్ళం. చెరువు అవతలి గట్టు మీద బట్టలుతికేవాళ్ళకి కూడా వినిపించేది. ఇంగ్లిష్ అంటే అలా అరవడమేననుకున్నాం. ఆ భాషలో మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారన్న ఊహే మాకు లేదు.

ఒకరోజు చేపలపేట నుంచి వచ్చే కుర్రాడు లేచి నిలబడ్డాడు. "టీచరండీ, నీళ్ళు తాగొస్తానండీ అని ఇంగ్లీషులో ఎలాగడగాలండీ?" అన్నాడు.

"వాటర్" అంది అమ్మ.

"నీళ్ళు కాదండీ. తాగొస్తానండీ" అన్నాడు వాడు.

అమ్మ ఒక్క క్షణం ఆగి, "రేపు చెప్తాను నాన్నా" అంది. రాత్రి భోజనాలయ్యాక లాంతరు దగ్గర నిఘంటువు తెరిచింది. నిఘంటువులో 'తాగు' ఉంది, 'నీళ్ళు' ఉంది. 'తాగొస్తానండీ' లేదు. నోటుబుక్కులో ఏవేవో రాసి కొట్టేసింది. మర్నాడు వాడు అడగలేదు, అమ్మ చెప్పలేదు. ఆ అడగకపోవడమే తనని ఎక్కువ బాధపెట్టిందని పెద్దయ్యాక నాతో చెప్పింది. "పిల్లాడు రెండోసారి అడగడం మానేశాడంటే, మనకి రాదని వాడికి తెలిసిపోయిందన్నమాట అమ్మలూ."

ఆ చలికాలంలోనే ఒకరోజు శిక్షణ అని పిలుపొస్తే వెళ్ళింది. ఎవరో వచ్చి కట్టెదుట కాగితాలు పెట్టుకుని పొద్దుటి నుంచి సాయంత్రందాకా ఇంగ్లిష్‌లో చదివారట. ఒక్కరినీ ఒక్క మాట అడగలేదట. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ, "మేమంతా వాళ్ళ ముందు బి ఓ వై బాయ్ పిల్లల్లా కూర్చున్నాం" అంది. నేర్పడం తెలియనివాళ్ళ ముందు కూర్చుంటే ఎలా ఉంటుందో ఆ పూట తెలిసిందనీ, తన ఇంగ్లిష్ పీరియడులో మేమెలా ఉన్నామో కూడా తెలిసిందనీ అంది.

1996 మే నెలలో, కాలువలు కట్టేసిన రోజుల్లో, అమలాపురంలో పదిరోజుల శిక్షణ పెట్టారు. అక్కడ మా పిన్ని ఉండేది. నాకు సెలవులు కావడంతో అమ్మ నన్నూ తీసుకెళ్ళింది. పగలంతా పిన్నింట్లో ఉక్కపోతగా ఉండేది. నేను శిక్షణ జరిగే హైస్కూలు గదిలో వెనక బెంచీ మీదికి చేరేదాన్ని. ఎవరూ వద్దనలేదు.

శిక్షణ ఇచ్చింది ఒక హైస్కూలు మాస్టారు. సన్నగా, తెల్ల లుంగీపంచె, మోచేతులదాకా మడిచిన చొక్కా. స్వస్థలం ఇచ్ఛాపురం. మొదటిరోజు లోపలికొచ్చి నమస్కారం చేసి, తెలుగూ ఇంగ్లిషూ కాని భాషలో మాట్లాడటం మొదలుపెట్టారు. గదిలో ముప్ఫైమంది టీచర్లు ముఖముఖాలు చూసుకున్నారు. ఆయన తాను లేచి "ఉఠొంతు" అన్నారు. కూర్చుని "బొసొంతు" అన్నారు. మళ్ళీ లేచారు, మళ్ళీ కూర్చున్నారు. చేత్తో మమ్మల్నీ చెయ్యమన్నట్టు సైగ చేశారు. కాసేపటికి గదంతా ఆయనతోపాటు లేస్తోంది, కూర్చుంటోంది. తర్వాత ఆయన కదలడం మానేసి మాట మాత్రమే అన్నారు. అందరూ లేచారు. ఒక్కరూ తప్పలేదు. నేనూ లేచాను.

"ఇది ఒడియా అండి. మీలో ఎవరికీ రాదు. పావుగంటలో రెండు మాటలు నేర్చుకున్నారు. నేను స్పెల్లింగు చెప్పలేదు, అర్థం చెప్పలేదు, మిమ్మల్ని మాట్లాడమనలేదు. మీకెలా అనిపించిందో చెప్పండి" అన్నారు.

చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు మా అమ్మ లేచింది. "భయం వెయ్యలేదండి" అంది. "నన్ను మాట్లాడమనలేదు కాబట్టి భయం వెయ్యలేదు. కాసేపయ్యాక నాకే అనాలనిపించింది."

ఆయన బోర్డు దగ్గరికెళ్ళి అమ్మ అన్న మాటనే పెద్ద అక్షరాలతో రాశారు. ఆ పదిరోజులూ దాన్ని తుడవలేదు. పసివాడు ఏడాది పాటు వింటాడు, ఆ తర్వాతే 'అత్త' అంటాడు; ఏ తల్లీ ముందు అ ఆలు దిద్దు, తర్వాత మాట్లాడు అనదు. పరాయి భాషకి మాత్రం మనం ఈ వరుసని తలకిందులు చేస్తున్నామని చెప్పారు. ఈ పద్ధతిని జేమ్స్ ఆషర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1960లలో పరిశోధించి, మాటకి ఒంటి కదలికతో స్పందించే పద్ధతిగా ప్రచారం చేశారని నేను పెద్దయ్యాక చదివాను. నాకు మాత్రం అది ఇప్పటికీ ఒడియాలోనే గుర్తు.

మాస్టారికి గిడుగు రామమూర్తి పంతులుగారంటే భక్తి. పర్లాకిమిడిలో పనిచేసిన పంతులుగారు సవర పిల్లలకి చదువు చెప్పాలనుకున్నప్పుడు ముందు తానే సవర నేర్చుకున్నారనీ, ఆ తర్వాతే ఆ భాషలో పుస్తకాలు రాశారనీ చెప్పేవారు. "నేర్పేవాడు ఒకసారి కింద కూర్చుని నేర్చుకోవాలి. ఇంగ్లిష్ ఇంట్లో పుట్టి పెరిగినవాళ్ళకి ఆ భాగ్యం లేదు. అది ఎలా నేర్చుకున్నారో వాళ్ళకి గుర్తుండదు. మీకు ప్రతి మెట్టూ గుర్తుంటుంది. పిల్లవాడు ఎక్కడ తడబడతాడో మీకే ముందు తెలుస్తుంది" అన్నారు. ఆ మాటతో గదిలో తలలు కాస్త పైకి లేచాయి. తమకి ఇంగ్లిష్ తర్వాత వచ్చిందన్న సంగతిని ఒక అర్హతగా అంతవరకూ వాళ్ళకి ఎవరూ చెప్పలేదు.

మూడోరోజో నాలుగోరోజో ఉచ్చారణ. బ్యాటు, క్యాటు దగ్గర అందరూ ఆగిపోయారు. కొందరు బేట్ అంటున్నారు, కొందరు బాట్ అంటున్నారు. "వాడు వచ్చాడు, అనండి" అన్నారు మాస్టారు. అన్నారు. "మళ్ళీ అనండి. రాసేటప్పుడు 'చ్చా' అని రాస్తాం. కానీ మీ నోరు అక్కడ 'ఆ' అనడం లేదు, 'ఏ' అనడం లేదు. రెంటికీ నడుమ ఆగుతోంది. ఆ నడిమి శబ్దమే ఇది. మీరు పుట్టినప్పటి నుంచీ అంటున్నారు." అమ్మ పెదవుల మీద వేలు పెట్టుకుని "వచ్చాడు, చెప్పాడు, బ్యాట్" అనుకోవడం నాకు బాగా గుర్తు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు, గ్విన్ గారు కలిసి 1985లో వెలువరించిన ఆధునిక తెలుగు వ్యాకరణంలో ఆ శబ్దానికి విడిగా ఒక గుర్తే ఇచ్చారని నాకు చాలా ఏళ్ళకి తెలిసింది. మన అక్షరమాలలో దానికి చోటు లేదు, మన నోట్లో ఉంది.

'జూ' దగ్గరా అంతే. 'జీలకర్ర'లోని 'జ' వద్దు, 'రోజు' అన్నప్పటి 'జ' పట్టుకోమన్నారు. మన నోట్లో లేనివీ ఉన్నాయని దాచకుండా చెప్పారు. 'ఫ్యాన్' అనాలంటే పైపళ్ళు కింది పెదవిని తాకాలి. మనది అజంత భాష, మాట చివర అచ్చు లేకపోతే మనకి తోచదు. అందుకే బుక్కు, పెన్ను, బస్సు. ఎనిమిదిని యెనిమిది అనీ, ఒకటిని వొకటి అనీ పలికే నోటికి 'ఎగ్' యెగ్గవుతుంది, 'ఓపెన్' వోపెన్ అవుతుంది. "ఇవి తప్పులని పిల్లల్ని కొట్టకండి. ఇది వాళ్ళ నోరు తెలుగు నోరని చెప్పే గుర్తు. మీరు సరిగ్గా అంటూ ఉండండి, వాళ్ళు వింటూ ఉంటారు. మీ నోరు లండను నోరు కానక్కర్లేదు. స్పష్టంగా ఉండాలి, బెరుకు లేకుండా ఉండాలి" అన్నారు.

ఐదోరోజున ఒక పని అప్పజెప్పారు. పొద్దున్న బడి తాళం తీసినప్పటి నుంచి సాయంత్రం వేసేదాకా మీరు పిల్లలతో నిజంగా అనే మాటలన్నీ తెలుగులో రాయండి అన్నారు. పుస్తకంలో పాఠం కాదు, మీ నోటి మాటలు. రాత్రి పిన్నింటి అరుగు మీద అమ్మ రాస్తోంటే నేను గుర్తుచేశాను. తలుపు తియ్యి. చెప్పులు బయట విప్పు. పలక తుడిచావా? ఇలా దగ్గరికి రా. ఎందుకేడుస్తున్నావు? జరిగి కూర్చో, వాడికి చోటివ్వు. భలే గీశావే. మర్నాడు ఆయన ఒక్కొక్కరి పక్కనా కూర్చుని అందులో నలభై వాక్యాలు ఏరి, వాటికి చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాలు చెప్పారు. అమ్మ తన పట్టీ చివర, ఆయన అడగకుండానే, ఇంకొకటి రాసుకుంది. నలభై ఒకటి: నీళ్ళు తాగొస్తానండీ.

మాస్టారు దాన్ని చూసి సంబరపడ్డారు. "చూడండమ్మా, ఈ ఒక్క మాటలో ఎన్నున్నాయో. తాగడం ఉంది. వెళ్ళి మళ్ళీ వస్తానన్న హామీ ఉంది. పెద్దవాళ్ళ పట్ల మర్యాద ఉంది. ఇంగ్లిష్ వీటిని వేరేచోట దాచుకుంటుంది. వస్తానన్న హామీని వదిలేసి, వెళ్ళొచ్చునా అని అనుమతి అడుగుతుంది. మన 'అండీ' వాళ్ళ 'మే'లో, 'ప్లీజ్'లో ఉంటుంది. మాటకి మాట పెట్టబోతే దొరకదు. ఆ పనికి వాళ్ళేమంటారో చూడాలి." మే ఐ డ్రింక్ సమ్ వాటర్, ప్లీజ్. అమ్మ దాన్ని ఆ రాత్రి ఎన్నిసార్లు అనుకుందో లెక్కలేదు.

చివరిరోజున మాస్టారు ఒక పాత సంగతి చెప్పారు. 1959లో మద్రాసు రాష్ట్రంలో బ్రిటిష్ కౌన్సిల్ తోడ్పాటుతో ప్రాథమిక టీచర్లకి ఇంగ్లిష్ బోధనలో పెద్ద శిక్షణ మొదలైందట. కొద్దిమందికి నేర్పితే వాళ్ళు మరికొందరికి, వాళ్ళు ఇంకొందరికి. మంచుబంతి దొర్లుతూ పెరిగినట్టు పెరుగుతుందని దానికి మద్రాస్ స్నోబాల్ అని పేరు. సుమారు 27,000 మందికి అందిందట. "అయితే మంచుబంతి పెరుగుతుంది, నిజమే. లోపలున్న తొలి పిడికెడు మంచు పైవాళ్ళకి కనపడదు" అన్నారాయన. హైదరాబాదులో 1958లో పెట్టిన కేంద్ర ఆంగ్ల సంస్థ దాకా వెళ్ళి నేర్చుకునే వీలు ప్రాథమిక టీచరుకి ఎక్కడిది? అక్కడి చదువు ఎన్నో చేతులు మారి చివరికి మీదాకా రావాలి అన్నారు.

ఇంటికొచ్చాక అమ్మ ఈ సంగతి చెబితే నాన్నకి మంచుబంతి అర్థంకాలేదు. మా ఇంట్లో ఎవరూ మంచు చూడలేదు. "అంటే శివారుకి నీళ్ళొచ్చినట్టన్నమాట" అన్నాడు. అమ్మ నవ్వలేదు. "అవును" అంది. "అయితే మనకి చెరువుందిగా. పదిరోజులొచ్చాయి నీళ్ళు. నింపుకున్నాను. ఈ నలభై ఒకటీ నా చెరువు. రోజూ ఇందులోంచే తోడతాను."

ఆ జూన్‌లో మా వసారా బడి అయింది. సాయంత్రం దీపాలు పెట్టేవేళ అమ్మ ఇంగ్లిష్‌లో చెప్పడం, నేను చెయ్యడం. ఓపెన్ ద డోర్. బ్రింగ్ ద స్టూల్. పుట్ ఇట్ హియర్. అమ్మ తడబడితే ఆగి, మొదటి నుంచి మళ్ళీ అనేది. మామ్మ ఒత్తులు చేసుకుంటూ వినేది. వారం తిరిగేసరికి అమ్మ "గివ్ మీ ద ల్యాంప్" అంటే నాకంటే ముందు మామ్మ చెయ్యి లాంతరు మీదికి వెళ్ళేది. ఏనాడూ బడి మొహం చూడని మామ్మకి భాష అలా చేతుల్లోంచి ఎక్కింది.

బడి తెరిచాక అమ్మ బల్ల వెనక నుంచి బయటికొచ్చింది. మొదటి నెలంతా మమ్మల్ని ఒక్క ఇంగ్లిష్ మాట అనమనలేదు. తను అనేది, మేము చేసేవాళ్ళం. కొబ్బరాకు పట్టుకో, గుండ్రటిది తీసుకురా, గోడ దగ్గరికి పరిగెత్తు, నీ పక్కవాడి ముక్కు ముట్టుకో. తర్వాత కథలు. కథ తెలుగులోనే మొదలయ్యేది. చెరువు, కొంగ, చేప, ఎండాకాలం, అన్నీ మా ఊరివే. కొంగ ఎప్పుడు నోరు విప్పినా మాత్రం ఒకే ఇంగ్లిష్ వాక్యం అనేది: "కమ్ విత్ మీ, లిటిల్ ఫిష్." మూడోసారి కొంగ వచ్చేసరికి అమ్మ ఊరుకునేది. తరగతి మొత్తం కొంగ అయ్యేది. ఎవరూ అనమనకుండా మా నోట వచ్చిన మొదటి ఇంగ్లిష్ వాక్యం అదే. తెలుగుని బయట నిలబెట్టి ఇంగ్లిష్‌ని లోపలికి పిలవలేదు అమ్మ. తెలుగు చెయ్యి పట్టుకునే అది మా గదిలోకి వచ్చింది.

1996 నవంబరు 6 రాత్రి తుపాను మా మీద విరుచుకుపడింది. కోనసీమ మనుషులకి ఆ తారీఖు ఎవరూ గుర్తుచేయక్కర్లేదు. వెయ్యిమందికి పైగా పోయారు. వేటకి వెళ్ళిన పడవలెన్నో తిరిగిరాలేదు. మేము ఆ రాత్రి పక్కింటి డాబాలో నలభైమందిమి ఒకరినొకరు పట్టుకుని కూర్చున్నాం. తెల్లారి చూస్తే తలలు తెగిన కొబ్బరిచెట్లు. బడికి పెంకుల్లేవు. దారాలు, చార్టులు, పిల్లల బొమ్మలు, కత్తెర్లు, వాచకాలు, ఏవీ లేవు. చెరువులో చెట్లు, పశువులు పడి నీళ్ళు నల్లబడ్డాయి.

బడి మళ్ళీ మొదలైన రోజున నాకు గుర్తున్నంతలో సగంమంది కూడా రాలేదు. వచ్చినవాళ్ళం కూలిన కొబ్బరి మాను మీద వరసగా కూర్చున్నాం. చేపలపేట కుర్రాడు వచ్చాడు. వాళ్ళ మామయ్య పడవ ఇంకా రాలేదు. వాడు ఎవరితోనూ మాట్లాడటం లేదని వాళ్ళమ్మ చెప్పి వెళ్ళింది.

అమ్మ చేతిలో ఏమీ లేదు. పుస్తకం లేదు, సుద్దముక్క లేదు. కాసేపు మమ్మల్నందర్నీ చూసి, చేతిని పైకెత్తి నెమ్మదిగా "స్టాండ్ అప్" అంది. లేచాం. "సిట్ డౌన్." కూర్చున్నాం. "బ్రింగ్ మీ సంథింగ్ లాంగ్." కింద అంతా పడినవే. మట్టలు, ఈనెలు, తాళ్ళు తెచ్చాం. "సంథింగ్ రౌండ్." కొబ్బరి చిప్పలు, పెంకు ముక్కలు, ఎక్కడిదో ఒక గిన్నె మూత. ఊరిని ఊడ్చేసిన దాన్నే చేతుల్లోకి తీసుకుని మాటలుగా పేర్చుకున్నాం ఆ పొద్దున. ఏడుపు గొంతులో ఉన్నప్పుడు మాట్లాడమనని భాష ఒకటి దొరికింది మాకు. వింటే చాలు, లేస్తే చాలు, తెస్తే చాలు.

ఎండ ఎక్కింది. కాచి చల్లార్చిన నీళ్ళ బిందె ఒకటి అమ్మ పక్కన ఉంది. చేపలపేట కుర్రాడు మాను మీద నుంచి లేచాడు. అమ్మ ముందుకొచ్చి నిలబడి చేతులు కట్టుకున్నాడు.

"మే ఐ డ్రింక్ సమ్ వాటర్, ప్లీజ్, టీచరండీ" అన్నాడు.

ప్లీజ్ అన్నాక కూడా 'అండీ' వదల్లేదు వాడు. అమ్మ దిద్దలేదు. గ్లాసు నిండా ముంచి వాడి చేతికిచ్చి, వాడు తాగుతున్నంతసేపూ వాడి తల మీద చెయ్యి వేసి ఉంచింది.

వాడు తర్వాత ఏం చదివాడో ఇక్కడ చెప్పను. చిన్నపిల్లలకి ఇంగ్లిష్ ఎందుకు నేర్పుతామన్న ప్రశ్న వచ్చినప్పుడు అందరూ ఉద్యోగాల గురించీ, హైదరాబాదు గురించీ, అమెరికా గురించీ మాట్లాడతారు. నాకు మాత్రం ఆ గ్లాసు నీళ్ళే కనిపిస్తాయి. తనకి కావలసింది తన నోటితో అడగగలిగిన పిల్లవాడు కనిపిస్తాడు. వాడి వెనక, ఒకనాడు ఆ ఒక్క వాక్యం చెప్పలేక నిద్రపోని టీచరు కనిపిస్తుంది.

ఇప్పుడు సర్కారు బళ్ళలో ఇంగ్లిష్ మీడియం వచ్చింది. తెలంగాణలో 2022-23 నుంచి మొదలైంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిష్ ఉండే పాఠ్యపుస్తకాలొచ్చాయి. ఆ పక్కపక్క పేజీలు చూసినప్పుడల్లా మా కొంగ కథ గుర్తొచ్చి సంతోషమేస్తుంది. కానీ పుస్తకం రెండు భాషల్లో ఉంటే చాలదు. ఆ రెంటి మధ్యా నడిచే మనిషి కావాలి. ఆ మనిషికి మనం ఇస్తున్నది ఎంత? పైనెక్కడో మొదలైన శిక్షణ రాష్ట్రం నుంచి జిల్లాకి, జిల్లా నుంచి మండలానికి దిగి బడిదాకా వచ్చేసరికి చాలాచోట్ల తెరమీద బొమ్మలుగా, పూర్తిచేయాల్సిన ఫారాలుగా మిగులుతోంది. శివారు టీచరుకి అందేది ఈనాటికీ సన్నధారే. అందుకే ఆ ధార ఉన్న కొద్దిరోజుల్లోనూ చెరువు నింపుకోవడం నేర్పాలన్నది నా పట్టుదల. వ్యాకరణమంతా వద్దు, యాస వద్దు. తన బడికి తానే ఏరుకున్న కొన్ని వాక్యాలు, అవి బెరుకు లేకుండా అనే గొంతు, పిల్లలు వినేదాకా ఆగే ఓపిక. ఇవుంటే మిగతా ఇంగ్లిష్ ఆమె వెతుక్కుంటుంది. మా అమ్మ రిటైరయ్యేనాటికి ఆ పట్టీ మూడు నోటుబుక్కులైంది.

మొన్న ఒక శిక్షణలో, రిటైర్మెంటుకి రెండేళ్ళున్న టీచరుగారు నా దగ్గరికొచ్చి, "నాకు ఇంగ్లిష్ రాదమ్మా. ఈ వయసులో నావల్ల కాదు, వదిలెయ్యండి" అన్నారు. నేను ఆవిడ చేతికి తెల్లకాగితాలిచ్చి, "పొద్దున్న బడి తాళం తీసినప్పటి నుంచీ మీరు పిల్లలతో ఏమేం అంటారో తెలుగులో రాయండి చాలండి" అన్నాను. కిటికీ పక్కన కూర్చుని రాయడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం భోజనానికి పిలిచినా లేవలేదు. ఒక్కోచోట ఆగి, ఏ పిల్లో గుర్తొచ్చినట్టు తనలో తాను నవ్వుకుని, మళ్ళీ రాశారు. మూడోజాముకి ఇంకో నాలుగు కాగితాలు అడిగారు.

ఇస్తూ పైనున్న కాగితం చూశాను. మొదటి వాక్యం: "వచ్చావా నాన్నా, నిన్న రాలేదేం?"

ఆవిడ పక్కన కూర్చున్నాను. అక్కడి నుంచి మొదలుపెట్టాం.